బండి నడిపే మనిషికి ఫిట్సు వస్తే



ఈ రోజు మాట్లాడుకునేది లారీ నడిపే మనిషి గురించి. అతని ఇంట్లో ఉండే ఆడమనిషి గురించి కూడా.

లారీల మీద బతికే ఇళ్లు మన పల్లెల్లో చాలా ఉన్నాయి. మొగుడు డ్రైవరు. కొడుకు క్లీనరు. అల్లుడు ఆటో తోలతాడు. తమ్ముడు ట్రాక్టరు తోలతాడు. బండి కదిలితేనే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. అలాంటి ఇంట్లో బండి నడిపే మనిషికి ఒకరోజు ఫిట్సు వస్తే ఏం చెయ్యాలి?

ఒక ఇల్లు అనుకుందాం. తెల్లవారుజాము నాలుగు గంటలు. ముందురోజు రాత్రే ట్రిప్పు దిగి వచ్చిన డ్రైవరు మంచం మీద నిద్రపోతున్నాడు. ఉన్నట్టుండి ఒళ్లంతా బిగుసుకుపోయింది. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి. నోట్లోంచి నురగ వచ్చింది. రెండు నిమిషాల్లో తగ్గిపోయింది. తర్వాత గంటసేపు మొద్దులా నిద్రపోయాడు. లేచాక అతనికి ఏమీ గుర్తు లేదు. నాలుక కొరుక్కున్న నొప్పి మాత్రం ఉంది.

భార్య హడలిపోయింది. "ఏమయ్యా, ఆస్పత్రికి పోదాం పద" అంది. అత్త ఆమె చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది. "నోరు మూసుకోవే తల్లీ! ఈ మాట బయటికి పొక్కితే ఓనరు వాణ్ణి బండి దించేస్తాడు. ఆడపిల్లకు సంబంధం కూడా రాదు" అంది. డ్రైవరు కూడా అదే మాట అన్నాడు. "నిద్ర లేక అట్లా అయింది. దీనికే బండి మానుకుంటే తినేదేంది?" అన్నాడు. సాయంత్రం లోడుకు పోయాడు.

అత్త చెడ్డది కాదు. కొడుకు చెడ్డవాడు కాదు. వాళ్ల భయం తిండి భయం. ఆ భయాన్ని తీసిపారేసి మాట్లాడితే ఈ ఉపన్యాసం ఎవరికీ పనికిరాదు. కానీ ఆ ఇంట్లో నిజంగా భయపడాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. దాన్ని లెక్క వేసి చూడాలి.

లారీ గంటకు 60 కిలోమీటర్లు పోతోంది అనుకోండి. గంటకు 60 నిమిషాలు. అంటే నిమిషానికి ఒక కిలోమీటరు. ఫిట్సు సాధారణంగా ఒకటి రెండు నిమిషాలు ఉంటుంది. ఆ నిమిషం డ్రైవరుకు స్పృహ ఉండదు. కాలు యాక్సిలరేటరు మీదే బిగుసుకుపోవచ్చు. చెయ్యి స్టీరింగును ఒక పక్కకు లాగొచ్చు. లోడు బండి, కిలోమీటరు దూరం, నడిపే మనిషి లేకుండా పోతుంది. ఆ కిలోమీటరులో ఒక బడి ఉండొచ్చు. ఒక సంత ఉండొచ్చు. కూలికి పోయే ఆడవాళ్లను ఎక్కించుకున్న ఆటో ఎదురు రావొచ్చు.

అన్ని ఫిట్సూ కింద పడి కొట్టుకునేవే అనుకోకూడదు. కొన్నిట్లో మనిషి పడడు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోతాడు. ఒకే చోట గుడ్లప్పగించి చూస్తాడు. పిలిస్తే పలకడు. పెదవులు చప్పరిస్తాడు. కొద్దిసేపటికి మళ్లీ మామూలు అయిపోతాడు. ఏం జరిగిందో అతనికి తెలియదు. పక్కన కూర్చున్న క్లీనరుకు తెలుస్తుంది. ఇంట్లో అన్నం పెట్టే భార్యకు తెలుస్తుంది. స్టీరింగు ముందు ఇదీ ప్రమాదమే.

ఈ జబ్బును మూర్ఛ అంటారు. మెదడు పని చేసేది చాలా సన్నని కరెంటుతో. ఆ కరెంటు ఒక్కసారిగా అదుపు తప్పితే ఫిట్సు వస్తుంది. గాలి సోకడం కాదు. దెయ్యం కాదు. చేతబడి కాదు. అంటుకునేదీ కాదు. మూర్ఛ ఉన్నవాళ్లతో కలిసి తినొచ్చు, ఒకే మంచం మీద పడుకోవచ్చు. ప్రపంచంలో దాదాపు 5 కోట్ల మందికి ఈ జబ్బు ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

తలకు పెద్ద దెబ్బ తగిలితే రావొచ్చు. కాన్పు కష్టమై బిడ్డ మెదడుకు ప్రాణవాయువు అందకపోతే రావొచ్చు. మెదడువాపు జ్వరం తర్వాత రావొచ్చు. పందుల నుంచి వచ్చే బద్దె పురుగు గుడ్లు కడుపులోకి పోతే, ఆ పురుగు తిత్తులు మెదడులో చేరి ఫిట్సు తెస్తాయి. ఆ గుడ్లు మురికి చేతుల వల్ల, కడగని ఆకుకూరల వల్ల లోపలికి పోతాయి. మాంసం ముట్టని వాళ్లకు కూడా వస్తుంది. చాలామందికి కారణమే దొరకదు.

మూర్ఛ ఉన్న మనిషికి ఫిట్సును రేపేవి కొన్ని ఉన్నాయి. నిద్ర చాలకపోవడం. తాగుడు. రోజూ తాగేవాడు ఒక్కసారిగా మానడం. జ్వరం. మాత్ర వేసుకోవడం మర్చిపోవడం. ఇప్పుడు లారీ డ్రైవరు బతుకు చూడండి. రాత్రంతా డ్రైవింగు. పగలు లోడు దించేదాకా కాపలా. టైముకు తిండి లేదు. మూడు రోజుల ట్రిప్పు ఆరు రోజులు అవుతుంది. తెచ్చుకున్న మాత్రలు అయిపోతాయి. ఫిట్సును పిలవడానికి ఏమేం కావాలో అవన్నీ ఆ క్యాబిన్‌లోనే ఉన్నాయి. అందుకే స్కూటరుకు ఉన్న లెక్క వేరు, లారీకి ఉన్న లెక్క వేరు.

మరి చట్టం ఏమంటుంది?

మన దేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం ఉంది. లైసెన్సు కావాలంటే ఒకటో నంబరు ఫారం నింపాలి. అందులో తన ఆరోగ్యం గురించి మనిషి తానే రాసి సంతకం పెట్టాలి. అందులో ఒక ప్రశ్న ఉంటుంది. మూర్ఛ గానీ, ఉన్నట్టుండి స్పృహ తప్పడం గానీ, కళ్లు తిరగడం గానీ ఉందా అని. లారీ, బస్సు లాంటి బండ్లకైతే 1-ఎ అనే ఇంకో ఫారం కావాలి. అది డాక్టరు నింపాలి.  జబ్బు వల్ల జనానికి ప్రమాదం అని తేలితే లైసెన్సు ఇవ్వరు. ఇచ్చాక తెలిస్తే రద్దు చెయ్యొచ్చు. ప్రమాదం ఉందని తెలిసి కూడా నడిపితే మొదటిసారి 1000 రూపాయల దాకా, మళ్లీ చేస్తే 2000 రూపాయల దాకా జరిమానా. 2019లో చట్టం మార్చినప్పుడు ఈ జరిమానా పెంచారు.

ఆ ప్రశ్న మంచిదే. కానీ దానికి రెండే జవాబులు. ఉంది, లేదు. చిన్నప్పుడు ఎప్పుడో ఒకసారి వచ్చి మళ్లీ రానివాడూ "ఉంది" అనే రాయాలి. నెలకు రెండుసార్లు వచ్చేవాడూ "ఉంది" అనే రాయాలి. ఇన్నేళ్లు రాకుండా ఉంటే నడపొచ్చు అనే లెక్క ఆ ఫారంలో ఎక్కడా లేదు. దాంతో ఏమవుతోంది? ఇద్దరూ "లేదు" అనే రాస్తున్నారు. నెట్ సెంటరు కుర్రాడైతే అడగకుండానే అన్నిటికీ "లేదు" అని కొట్టేస్తాడు. డ్రైవరు సంతకం పెట్టేస్తాడు. నిజం చెబితే మొత్తం పోతుంది అన్నప్పుడు ఎవరు నిజం చెబుతారు?

ఈ చిక్కును అమెరికా ఇంకోలా చూసింది. అది తెలుసుకోదగ్గ సంగతి.

అమెరికాలో ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి సరుకు తోలే పెద్ద బండ్ల డ్రైవర్లకు కేంద్ర ప్రభుత్వం రూలు ఉంది. మూర్ఛ ఉన్నవాళ్లు ఆ బండ్లు నడపకూడదు. అక్కడా మొదట అంతే. ఉందంటే లేదు. అయితే ఆ శాఖ మూర్ఛ డాక్టర్లను కూర్చోబెట్టి సలహా అడిగింది. 2007లో ఆ డాక్టర్లు చెప్పిన లెక్కల మీద 2013 నుంచి కొందరికి మినహాయింపు ఇస్తున్నారు. మినహాయింపు అంటే, రూలు రూలుగానే ఉంటుంది. ఈ ఒక్క మనిషిని పరీక్షించి, షరతులు పెట్టి, ఆ రూలు నుంచి వదిలిపెడతారు.

షరతులు చిన్నవి కావు. మూర్ఛ జబ్బు ఉన్న మనిషికి 8 ఏళ్లుగా ఒక్క ఫిట్సు కూడా వచ్చి ఉండకూడదు. మాత్రలు వేసుకుంటున్నా సరే, మానేసినా సరే. వేసుకుంటూ ఉంటే మాత్రం ఆ మందు, ఆ మోతాదు 2 ఏళ్లుగా మారకుండా ఉండాలి. కారణం తెలియకుండా జీవితంలో ఒకే ఒక్కసారి ఫిట్సు వచ్చినవాళ్లకైతే 8 కాదు, 4 ఏళ్లు చాలు.

అంతటితో అయిపోదు. ఫలానా మనిషి మినహాయింపు అడుగుతున్నాడు అని ప్రభుత్వ గెజిట్‌లో వేస్తారు. మన ఊళ్లో దండోరా వేసినట్టు. అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పడానికి గడువు ఇస్తారు. అన్నీ చూసి ఇస్తే, ఆ మినహాయింపు 2 ఏళ్లకు మాత్రమే. మళ్లీ కావాలంటే మళ్లీ చూస్తారు. ఏటా డాక్టరు పరీక్ష జరగాలి. ఏటా డాక్టరు రిపోర్టు పంపాలి. మధ్యలో ఒక్క ఫిట్సు వచ్చినా బండి ఆపెయ్యాలి, ఆ శాఖకు తెలపాలి.

8 ఏళ్లు ఎందుకు? వంద మంది డ్రైవర్లను తీసుకోండి. ఏడాదిలో వాళ్లలో ఎంతమందికి మళ్లీ ఫిట్సు రావొచ్చు? ఫిట్సు ఆగి ఎన్నేళ్లయితే ఆ లెక్క అంత తగ్గుతూ పోతుంది. బ్రిటన్‌లో ఈ లెక్కను సూటిగా పెట్టుకున్నారు. లారీ, బస్సు నడిపేవాళ్లకు ఆ ప్రమాదం ఏడాదికి నూటికి 2 దాటకూడదు. సొంత కారు నడుపుకునే వాళ్లకైతే నూటికి 20 దాకా ఒప్పుకుంటారు. అందుకే అక్కడ కారుకు సాధారణంగా ఒక ఏడాది ఫిట్సు రాకుంటే చాలు. లారీకి 10 ఏళ్లు, అదీ మాత్రలు లేకుండా. లారీ బరువు ఎక్కువ, రోడ్డు మీద ఉండే గంటలు ఎక్కువ. కారు గుద్దితే జరిగే నష్టం వేరు, లారీ గుద్దితే జరిగే నష్టం వేరు.

ఇక్కడ ఒక ఆడమనిషి తప్పకుండా అడుగుతుంది. "ఎనిమిదేళ్లు బండి తోలకుంటే ఎనిమిదేళ్లూ ఇల్లు గడిచేదెట్లా?" న్యాయమైన ప్రశ్న. ఆ ప్రశ్నకు అమెరికా కాగితంలో కూడా జవాబు లేదు. అక్కడా దాచిపెట్టే డ్రైవర్లు ఉన్నారు. అయినా ఆ పద్ధతిలో ఒక మేలు ఉంది. తలుపు పూర్తిగా మూసెయ్యలేదు. మందు సరిగా వేసుకుంటే, డాక్టరుకు నిజం చెబుతూ ఉంటే, ఒకనాటికి మళ్లీ స్టీరింగు పట్టుకోవచ్చు అనే ఆశ ఉంది. మన ఫారంలోనూ అలాంటి సందు ఒకటి పెట్టాలి. ఆ పని చట్టం చేసేవాళ్లది. అంతవరకూ మన దేశంలో మూర్ఛ ఉన్న మనిషి లారీ ఎక్కకూడదు. ఇది చేదు మాటే. ఎదురుగా వచ్చే ఆటోలో కూడా ఎవరి బిడ్డలో ఉంటారు.

బండి దిగినంత మాత్రాన మనిషి పనికిరాకుండా పోడు. డ్రైవరుకు రోడ్లు తెలుసు. సరుకు తెలుసు. ఏ ఊళ్లో ఏ మిల్లు ఉందో తెలుసు. ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో బుకింగు పని చెయ్యగలడు. గోడౌనులో లెక్క చూడగలడు. స్పేరు పార్టుల షాపులో కూర్చోగలడు. డ్వాక్రా సంఘంలో అప్పు తీసుకుని భార్యాభర్తలు చిల్లర కొట్టు పెట్టుకోవచ్చు. ఎత్తు మీద ఎక్కే పని, బావిలో దిగే పని, మంట దగ్గర పని, తిరిగే మిషను దగ్గర పని మాత్రం వద్దు. క్లీనరు పని కూడా ఆలోచించాలి. లోడు మీదికెక్కి తాళ్లు కట్టేది క్లీనరే.

సర్కారు ఉద్యోగమైతే సంగతి కొంత మెరుగు. తెలంగాణలో ఒక ఆర్టీసీ డ్రైవరుకు రంగులు గుర్తుపట్టే చూపు లేదని తేలి ఉద్యోగం పోయింది. అది మూర్ఛ కాదు, చూపు సంగతి. ఆ డ్రైవరు కోర్టుకు పోయాడు. 2025లో సుప్రీంకోర్టు అతనికి తగిన వేరే పని ఇవ్వాలని చెప్పింది. స్టీరింగుకు పనికిరాని మనిషి డిపోలో ఇంకే పనికీ పనికిరాడా అన్నదే అక్కడి ప్రశ్న. సొంత లారీ ఓనరు దగ్గర పనిచేసేవాడికి ఇలాంటి అండ తక్కువ. అందుకే అతని భయం ఎక్కువ.

ఇప్పుడు మళ్లీ మొదటి సంగతికి వద్దాం. ఒకసారి ఫిట్సు వచ్చింది. అది మూర్ఛ అవునా కాదా అన్నది ఇంట్లో తేలదు. షుగరు ఉన్నవాళ్లకు చక్కెర బాగా పడిపోయినా ఇలా అవుతుంది. గుండె లయ తప్పినా మనిషి పడిపోతాడు. తాగుడు మానిన రెండు మూడు రోజుల్లో కూడా ఫిట్సు వస్తుంది. మూర్ఛ కాని దాన్ని మూర్ఛ అనుకుని దాచిపెట్టి, అసలు జబ్బుకు మందు లేకుండా చేసుకునేవాళ్లూ ఉన్నారు. డాక్టరు దగ్గరికి పోవాల్సింది అందుకే. ఆ డాక్టరు చెప్పేదాకా బండి ఎక్కకూడదు.

డాక్టరు దగ్గర మొదటి సాక్షి ఎవరు? ఫిట్సు వచ్చిన మనిషి కాదు. అతనికి ఏమీ గుర్తుండదు. చూసిన మనిషి సాక్షి. అంటే చాలాసార్లు భార్య. తలకు తీగలు పెట్టి తీసే పరీక్షలో ఏమీ కనబడకపోవచ్చు. అప్పుడు భార్య చెప్పే మాటే డాక్టరుకు ఆధారం. ఏ చెయ్యి ముందు కొట్టుకుంది? తల ఏ పక్కకు తిరిగింది? పిలిస్తే పలికాడా? ఎంతసేపు ఉంది?

చదువు నేర్చిన చెల్లెళ్లకు ఇక్కడ పెద్ద పని ఉంది. ఒక నోటు పుస్తకం పెట్టుకోవాలి. ఫిట్సు వచ్చిన తేదీ, టైము రాయాలి. ఎన్ని నిమిషాలు ఉందో రాయాలి. ముందురోజు నిద్రపోయాడా, తాగాడా, మాత్ర తప్పిందా రాయాలి. ఏ మాత్ర, ఎంత మోతాదు, ఎప్పుడు మార్చారో రాయాలి. ఫిట్సు రాని నెలలు కూడా రాయాలి. "ఈ నెల రాలేదు" అన్న ఒక్క ముక్క చాలు. అమెరికాలో 8 ఏళ్లు ఫిట్సు రాలేదని చూపేది ఇలాంటి కాగితాల వల్లే. మన దగ్గర మందు పని చేస్తోందో లేదో డాక్టరుకు తెలిసేదీ దీని వల్లే.

సరిగా గుర్తించి, మందు సరిగా వాడితే నూటికి 70 మంది దాకా ఫిట్సు లేకుండా బతకొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఫిట్సు రావడం లేదు కదా అని మాత్ర మానెయ్యకూడదు. ఒక్కసారిగా మానితే ఒకదాని వెంట ఒకటి ఫిట్సు వచ్చి ప్రాణం మీదికి రావొచ్చు. కనీసం 2 ఏళ్లు రాకుండా ఉన్నాక, మానొచ్చా లేదా అనేది డాక్టరు ఆలోచిస్తాడు. బిడ్డను కనే వయసు ఆడవాళ్లకు మూర్ఛ ఉంటే ఆ మాట డాక్టరుకు ముందే చెప్పాలి. వాల్‌ప్రోయేట్ అనే మందు కడుపులో బిడ్డకు చేటు చేస్తుంది. అలా అని సొంతంగా మానకూడదు. డాక్టరు మార్చి ఇస్తాడు.

పిల్ల సంబంధం గురించి అత్త భయపడింది కదా. ఒకప్పుడు హిందూ వివాహ చట్టంలోనే మూర్ఛ ఉన్నవాళ్ల పెళ్లికి అడ్డం ఉండేది. 1999లో ఆ మాటను చట్టంలోంచి తీసేశారు. చట్టం మారి ఇన్నేళ్లయినా ఊళ్లో నోళ్లు మారలేదు. అది వేరే ఉపన్యాసం.

ఫిట్సు వచ్చినప్పుడు చెయ్యాల్సింది తక్కువ. చెయ్యకూడనిదే ఎక్కువ. తాళాలగుత్తి చేతిలో పెట్టొద్దు. ఉల్లిపాయ, చెప్పు వాసన చూపించొద్దు. పళ్ల మధ్య చెంచా పెట్టొద్దు. నీళ్లు తాగించొద్దు. కాళ్లూ చేతులూ అదిమి పట్టొద్దు. చుట్టూ ఉన్న రాయీ రప్పా తీసెయ్యాలి. తల కింద మెత్తటి బట్ట పెట్టాలి. చొక్కా గుండీలు వదులు చెయ్యాలి. కొట్టుకోవడం తగ్గగానే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. గడియారం చూడాలి. 5 నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే మళ్లీ వచ్చినా 108కి ఫోను చెయ్యాలి. ఈ మాటలు క్లీనరు కుర్రాళ్లకు కూడా చెప్పి పంపించండి.

చివరగా ఒక కాగితం సంగతి. జబ్బు కారణంగా లైసెన్సు ఇవ్వకపోయినా, రద్దు చేసినా ఆర్.టి.ఓ. ఆఫీసు నోటిమాటతో సరిపెట్టకూడదు. కారణం రాసి ఆర్డరు ఇవ్వాలి. అది చట్టం. డాక్టరు చెప్పింది ఒకటి, ఆర్డరులో రాసింది ఇంకొకటి అయితే అప్పీలు చేసుకోవచ్చు. దానికి గడువు 30 రోజులు. ఆర్డరు చేతికి అందినప్పటి నుంచి లెక్క. కాబట్టి అది అందిన రోజునే, ఆ తేదీని కాగితం వెనక రాసి పెట్టుకోవాలి.